స్టాంపు సారు సంతకం గురించి నేను చెప్పేది

నా పేరు, తండ్రి పేరు, ఇంటి చిరునామా పై గళ్ళల్లో రాసుకున్నారు. వయసు ముప్ఫై తొమ్మిది. వృత్తి అనువాదం. మొదట ఆ గడిలో స్టేషను రైటర్ గారు నన్ను అడక్కుండానే "టైపిస్టు" అని రాశారు. ఫిర్యాదులో అలా ఉంది కాబట్టి రాశానన్నారు. ఫిర్యాదిచ్చిన మనిషి చెప్పినట్టే నా వృత్తి రాసుకునేటట్టయితే నన్ను పిలిపించి వాంగ్మూలం తీసుకోవడం ఎందుకని అడిగాను. ఆయన ఇన్‌స్పెక్టర్ గారి వైపు చూశారు. ఇన్‌స్పెక్టర్ గారు తలూపాక దాన్ని కొట్టేసి, పక్కన "అనువాదకురాలు" అని రాసి పొట్టి సంతకం చేశారు. అక్కడికి మొదటి పేజీలో మొదటి దిద్దుబాటు అయింది.

నాకు నాలుగు భాషలు చదవడం, రాయడం వచ్చు. పదకొండేళ్ళుగా కోర్టు ఎదుటి వీధిలో, జిరాక్సు షాపు పైన మొదటి అంతస్తులో ఉన్న అనువాదాల ఆఫీసులో పనిచేశాను. దాని యజమానిని వీధంతా స్టాంపు సారు అంటారు. కోర్టు గుర్తింపు ఉన్న అనువాదకుడి ముద్ర ఈ చుట్టుపక్కల ఆయన ఒక్కరి దగ్గరే ఉంది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఈ కేసు పెట్టింది ఆయనే. ఆయన సంతకం నేను ఫోర్జరీ చేశాననీ, ఆయన ముద్ర దొంగిలించాననీ ఫిర్యాదు. రెండింటికీ జవాబు చెబుతాను. కాస్త ముందు నుంచి చెప్పాలి.

ఆఫీసులో రెండు గదులు. ముందు గది సారుది. గాజు పలక వేసిన బల్ల, గాజు కింద లాయర్ల విజిటింగ్ కార్డులు, గోడకి ఫ్రేము కట్టిన లైసెన్సు. వెనక గది నాది. కిటికీ లేదు. కంప్యూటరు, ప్రింటరు, నిఘంటువులు, టీ కప్పులు కడిగే తొట్టి. మధ్యలో కర్టెను. ఎవరైనా కాగితం తెస్తే సారు కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది చాలా క్లిష్టమైన వ్యవహారం, రేపు సాయంత్రం రండి" అనేవారు. వాళ్ళు మెట్లు దిగేలోపు ఆ కాగితం కర్టెను దాటి నా బల్ల మీదికి వచ్చేది. పెళ్ళి సర్టిఫికెట్లు, ఆస్తి పత్రాలు, విడాకుల తీర్పులు, ఆసుపత్రి రిపోర్టులు. తర్జుమా చేసేదీ నేనే, ప్రింటు తీసేదీ నేనే, ముద్ర వేసేదీ నేనే, సంతకం పెట్టేదీ నేనే. మర్నాడు సారు దాన్ని రెండు చేతులతో అందించేవారు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

సంతకం సంగతి ఇన్‌స్పెక్టర్ గారు ప్రత్యేకంగా అడిగారు కాబట్టి అదీ చెబుతాను. మొదటి ఏడాది ఆయనే పెట్టేవారు. తర్వాత ఎవరో ఒకరితో భోజనానికి వెళ్ళే అలవాటయ్యాక ఉత్త కాగితాల మీద ముందే సంతకాలు చేసి వెళ్ళేవారు. అవి అయిపోయిన రోజు పని ఆగిపోయేది. అప్పుడు ఒక మధ్యాహ్నం నన్ను ముందు గదిలో కూర్చోబెట్టి, చిత్తుకాగితం ఇచ్చి, తన సంతకం నేర్పించారు. నేను భయపడుతూ గీస్తుంటే పక్కనే నిలబడి దిద్దారు.

"తోక ఇంకా పొడుగ్గా లాగమ్మా. అది పిల్లి తోక కాదు, సింహం తోక."

సారు చెప్పినట్టే లాగాను. మూడేళ్ళ క్రితం ఆయనకు ఒంట్లో బాగాలేక చెయ్యి వణకడం మొదలైంది. అప్పట్నుంచి ఆయన ఆఫీసు కాగితం మీద ఒక్క సంతకం కూడా పెట్టలేదు. బ్యాంకు వాళ్ళు కొత్తగా నమూనా సంతకం అడిగితే ఆ ఫారం కూడా నాతోనే గీయించి పంపారు. తర్వాత ఎప్పుడో తనే ఒక చెక్కు మీద సంతకం చేస్తే, ఇది మీ సంతకం కాదని బ్యాంకు వెనక్కి పంపింది. ఆ మాట ఆయన దాచలేదు. వీధంతా చెప్పుకుని నవ్వారు.

"నా సంతకం నాకన్నా మా అమ్మాయికే బాగా వచ్చు" అని జిరాక్సు షాపు బాబాయితో నా ముందే అన్నారు. బాబాయి ఇప్పుడు సాక్ష్యం చెప్పడానికి జంకుతున్నాడు. ఆయన షాపుకు సారే పెద్ద ఖాతాదారు, బాబాయిని నేను తప్పు పట్టను.

ఇప్పుడు ఈ గొడవకు మూలమైన సంగతి. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. ఒక ఆదివారం భోజనాల దగ్గర ఫోనులో ఒక దేశం వాళ్ళు పెట్టిన జాబితా చూశారు. ఏయే వృత్తుల వాళ్ళకి అక్కడ కాపురం పెట్టుకునేందుకు అనుమతిస్తారో అందులో ఉంది.

"నా పని వెతికి వెతికి కళ్ళు పోయాయి, లేదు. నీది ఉంది చూడు! అనువాదకులు, దుబాసీలు అని."

మా అత్తగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. "ఇది టైపు కదరా కొట్టేది?"

"కాదత్తయ్యా, అనువాదం చేస్తాను" అన్నాను.

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదు."

ఆవిడ మజ్జిగ గ్లాసు మళ్ళీ అందుకుని, "అయితే మనందరం దీని చదువు మీద వెళ్తామన్నమాట" అన్నారు. మా ఆయన తను నా పెట్టెలు మోస్తానన్నారు. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. జీతం కోసం వెళ్తున్నానని అందరూ అనుకున్నారు. కొంత జీతం కోసమే. కానీ అక్కడ పరీక్ష నెగ్గిన ప్రతి అనువాదకుడికీ ఒక నంబరూ, సొంత ముద్రా ఇస్తారట. ఆ ముద్ర మీద చేసిన మనిషి పేరే ఉంటుందట. నాకు అది కావాలి. ఇప్పటికీ కావాలి.

ఇక వాళ్ళు అడిగినవి. నలభై దాటితే వయసు మార్కులు తగ్గుతాయి, నాకు ఇంకా కొద్ది నెలలే ఉంది. భాషా పరీక్ష రాయాలన్నారు, రాశాను. వృత్తి నీతి పరీక్ష రాయాలన్నారు, అదీ రాశాను. కక్షిదారుల కాగితాలు పరాయి కంట పడనివ్వకూడదని ఆ పరీక్షలో నేర్పారు. వెంటనే మరో ఫారంలో నువ్వు చేసిన అనువాదాల నమూనాలు పంపమన్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పేర్లన్నీ నల్లగా కొట్టేసి పంపాను. ఇంకో నిబంధన, ఎవరి కాగితాలు వాళ్ళు అనువాదం చేసుకోకూడదు. గుర్తింపు ఉన్న వేరే అనువాదకుడితో చేయించాలి. మా సారు ముద్రతో చేయిస్తే నేను చేసుకున్నట్టే కదా. అందుకని ఒక రోజు సెలవు పెట్టి బస్సులో నాలుగు గంటలు వెళ్ళి వేరే ఊరి అనువాదకుడి దగ్గర నా డిగ్రీ, నా జనన పత్రం చేయించుకున్నాను. అక్కడ కూడా ముందు గదిలో ఒక పెద్దాయన కూర్చుని "రేపు రండి" అన్నారు. అక్కడ కర్టెను లేదు, తలుపు ఉంది. తలుపు సగం తెరిచి ఉంటే లోపల ఒకావిడ కీబోర్డు పక్కన డబ్బా పెట్టుకుని అన్నం తింటూ ఒక చేత్తో టైపు చేస్తోంది. ఆవిడ నాకేసి చూసింది. నేను ఆవిడకేసి చూశాను.

అన్నిటికన్నా ముఖ్యమైంది అనుభవం ఉత్తరం. యజమాని లెటర్‌హెడ్ మీద ఇన్నేళ్ళు, ఈ భాషల్లో, ఈ పనులు చేసిందని రాసివ్వాలి. వాళ్ళు ఫోను చేసి కనుక్కుంటారు కూడా. ఒక సోమవారం ఉదయం పదిన్నరకి సారుని అడిగాను. ఆయన పేపరు చదువుకుంటున్నారు. జిరాక్సు బాబాయి కాపీలు ఇవ్వడానికి వచ్చి అక్కడే నిలబడ్డాడు.

"సార్, నాకు అనుభవం ఉత్తరం కావాలి. విదేశానికి దరఖాస్తు పెట్టుకుంటున్నాను."

"ఆ మాత్రానికి నన్నడగాలా? నువ్వే రాసుకో, నువ్వే సంతకం పెట్టుకో, ముద్ర కొట్టుకో. ఎప్పుడూ చేసేదేగా."

"ఒకసారి చదివి వినిపిస్తాను సార్."

చదివాను. సగంలో ఆయనకి ఫోను వచ్చింది. చేత్తో వెళ్ళమని సైగ చేస్తూ "కొట్టెయ్, కొట్టెయ్" అన్నారు. నేను మిగతా సగం కూడా ఆయన ఫోను పెట్టేశాక వినిపించాల్సింది. వినిపించలేదు. ఆ ఆఫీసులో ఏ కాగితమూ ఆయన అంతకన్నా ఎక్కువ వినలేదు. ఉత్తరంలో ఉన్న ప్రతి అక్షరమూ నిజం. అప్పటిదాకా ఆయన పేరు మీద నేను పెట్టిన వేల సంతకాల్లాగే ఆ సంతకమూ పెట్టాను. ఆ వేల సంతకాలకి ఎవరూ కేసు పెట్టలేదు. ఆ కాగితాలతో పెళ్ళిళ్ళయ్యాయి, ఇళ్ళు చేతులు మారాయి, పిల్లలు చదువులకి వెళ్ళారు. ఒక్క కాగితం నాకు పనికొచ్చేది కాబట్టి అది మాత్రం ఫోర్జరీ అయింది.

రెండు నెలల తర్వాత, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు ఆ దేశం నుంచి ఫోను వచ్చింది. నేను వెనక గదిలో ఒక వీలునామా చేస్తున్నాను. కర్టెను ఇవతలికి ప్రతి మాటా వినిపించింది. మొదట సారు "యెస్, యెస్" అన్నారు. తర్వాత వాళ్ళేదో అడిగారు.

అప్పుడు అన్నారు, "అనువాదాలన్నీ నేనే చేస్తాను. ఆమె టైపు మాత్రమే చేస్తుంది. ఉత్తరమా? నేను ఏ ఉత్తరమూ ఇవ్వలేదు."

ఇదంతా వాళ్ళ భాషలోనే చెప్పారు. ఆ భాషలో ఒక ముక్క అటుది ఇటు చెప్పాలంటే నన్ను పిలిచే మనిషి, ఆ మూడు ముక్కలు మాత్రం తప్పు లేకుండా చెప్పారు.

నేను లేచి ముందు గదిలోకి వెళ్ళాను.

"ఏంటి సార్ అలా చెప్పారు?"

"కూర్చో అమ్మా. వాళ్ళేం అడిగారో తెలుసా? పదకొండేళ్ళూ అనువాదాలు చేసింది ఆమే అయితే, చేసింది నేనేనని రోజూ కింద రాసి ముద్ర వేస్తున్నది ఎవరు అని అడిగారు. ఏం చెప్పమంటావ్?"

"ఉన్నది చెప్పండి."

"నువ్వు అనువాదకురాలివని నేను ఒప్పుకుంటే, మరి నేనెవర్నమ్మా?"

ఆ మాటకి నాకు నిజంగానే జాలేసింది. ఆయన చెయ్యి బల్ల మీద వణుకుతోంది. లైసెన్సు పోతే ఈ వయసులో ఏం చేస్తారు అనుకున్నాను. అంతటితో ఊరుకుని ఉంటే ఏదో దారి వెతుక్కునేవాళ్ళమేమో. కానీ ఆయన ఊరుకోలేదు.

"అయినా నువ్వు అక్కడికెళ్ళి చేసేదేముంది? ఇంకెవడికో టైపు కొట్టడమేగా. ఇక్కడే ఉండు, జీతం పెంచుతాలే."

జాలి పోయింది. సంచి భుజాన వేసుకుని మెట్లు దిగి వచ్చేశాను. వీలునామా సగంలోనే ఉంది. అది ఎవరు పూర్తి చేశారో నాకు తెలీదు.

ముద్ర ఆ సంచిలో ఉంది. అది నిజం. లంచ్ బాక్సు పక్కన చిన్న డబ్బాలో ఎప్పుడూ అక్కడే ఉంటుంది, ఎందుకంటే సెలవు రోజుల్లో వచ్చే అర్జెంటు పనులు ఇంటి దగ్గర చేసి ముద్ర వేసి తెమ్మని సారే నాకు ఇచ్చి పంపేవారు. ఇంటికెళ్ళి డబ్బాలు కడగడానికి తీసినప్పుడు చూసుకున్నాను. మర్నాడే తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఆ దేశం వాళ్ళ ఉత్తరం మెయిల్లో వచ్చింది. నేను తప్పుడు పత్రం జత చేశానట. ఇరవై ఎనిమిది రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. అది సరిపోకపోతే దరఖాస్తు తోసేసి, మూడేళ్ళ దాకా మళ్ళీ పెట్టుకోనివ్వరట. మూడేళ్ళయ్యాక వయసు మార్కులు నాకు చాలవు. అంటే ఇక ఎప్పటికీ లేనట్టే. ఆ ఇరవై ఎనిమిదిలో తొమ్మిది ఈ స్టేషను చుట్టూ తిరగడంలోనే అయిపోయాయి.

ఆ ఉత్తరం, ముద్ర రెండూ పట్టుకుని పదకొండు గంటలకి ఆఫీసుకు వెళ్ళాను. వెనక గదిలో నా కుర్చీలో కొత్తమ్మాయి ఉంది. ఇరవై నాలుగేళ్ళుంటాయి, చదువుకున్న పిల్ల. లేచి నిలబడి "నమస్తే మేడమ్" అంది. ముందు రోజు మధ్యాహ్నం నేను లేచిన కుర్చీలో మర్నాడు పొద్దున్నే మనిషి! అంటే నేను దరఖాస్తు పెట్టినప్పుడే ఆయన చూసిపెట్టుకున్నారన్నమాట. నా కళ్ళు ఆమె బల్ల మీదికి వెళ్ళాయి. చిత్తుకాగితం నిండా సారు సంతకాలు, వరసగా, పై నుంచి కింది దాకా. తోక ఇంకా కురచగానే వస్తోంది.

అప్పుడు అరిచాను. అరిచిన మాట నిజం, మెట్ల మీద జనం పోగయ్యారన్నదీ నిజం. గాజు పలక పగలగొట్టానన్నది అబద్ధం, అది నేను చేరిన రోజు నుంచీ మూల పగిలే ఉంది. నేను అన్నవి ఇవి. "ఏరు దాటేదాకా నేను తెప్పని, దాటాక తగలేస్తారా? వాళ్ళకి ఫోను చేసి నిజం చెప్పండి. పోనీ, ఆమె అనువాదం చేస్తుంది, నేను సరిచూస్తాను అనైనా చెప్పండి. నేనేం ఎక్కువ అడగడం లేదు." ముద్ర తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

"నేను ముట్టుకోను. అది దొంగసొత్తు. పోలీసులొచ్చి తీసుకోవాలి."

తన ముద్ర తనకి ఇస్తుంటే తీసుకోని మనిషిని నేను ఎక్కడా చూడలేదు. తీసుకుంటే దొంగతనం కేసు ఉండదు కదా! అందుకని నేనే దాన్ని ఈ స్టేషనుకు తెచ్చి రైటర్ గారి చేతికిచ్చి రసీదు తీసుకున్నాను. దొంగసొత్తు తనే తెచ్చి రసీదడిగిన దొంగ ఈ స్టేషనుకి ఇంతకుముందు వచ్చిందో లేదో రాసుకోండి.

నిన్న సాయంత్రం నాలుగింటికి ఇన్‌స్పెక్టర్ గారు నన్నూ సారునీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ఆయనకు తోడు ఆయన లాయరు, నాకు తోడు మా ఆయన. ఇద్దరికీ తెల్లకాగితాలిచ్చి సారు సంతకం చెయ్యమన్నారు. నాది ఆఫీసు కాగితాల మీదున్నదానితో సరిగ్గా కలిసింది. సారుది సిరాలో పడ్డ చీమ పాకినట్టు వచ్చింది, దేనితోనూ కలవలేదు. ఇన్‌స్పెక్టర్ గారు ఫోర్జరీ రుజువైపోయిందన్నట్టు నాకేసి చూశారు. తర్వాత వరస తప్పకుండా ఫిర్యాదు కాగితం కూడా తీసి పక్కన పెట్టారు. అది నాదానితోనూ కలవలేదు, సారుదానితోనూ కలవలేదు.

"ఫిర్యాదు మీద సంతకం ఎవరిదండీ?" అని సారుని అడిగారు.

"నాదే" అన్నారు సారు.

"మరి ఇప్పుడు పెట్టిందో?"

"అదీ నాదే."

లాయరు దగ్గారు. నేను ఆ తోక గుర్తుపట్టాను. చెప్పాలా వద్దా అని కాసేపు ఆగాను. చెబితే ఆ పిల్ల నెత్తిమీదికి వస్తుంది. కానీ నన్ను ఫోర్జరీ చేశానని పట్టుకొచ్చిన కాగితం మీదే ఫోర్జరీ సంతకం ఉంటే నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు.

"సార్, ఆ సంతకం కూడా ఆయనది కాదు. నా చోట్లోకి వచ్చిన అమ్మాయిది. వచ్చి పట్టుమని పది రోజులు కాలేదు, ఇంకా చెయ్యి కుదరలేదు" అన్నాను.

గుమ్మం దగ్గర కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. సారు మాత్రం నవ్వలేదు, సిగ్గుపడలేదు. "ఆఫీసు కాగితాల మీద సంతకాలు స్టాఫే పెడతారు. అది మామూలే" అన్నారు. ఆ మాట ఆయన నోటితోనే అన్నారు. ఇన్‌స్పెక్టర్ గారు విన్నారు, రైటర్ గారు విన్నారు. దయచేసి అది మాటకి మాట ఇక్కడ రాయండి. ఆ అమ్మాయి మీద కేసు పెట్టమని నేను అడగడం లేదు. చెప్పిన పని చేసింది, నేను చేసినట్టే.

ఆ తర్వాత ఇన్‌స్పెక్టర్ గారి గొంతు మారింది. వాళ్ళన్నయ్య కూతురి పై చదువు కాగితాలు కూడా మా ఆఫీసు నుంచే వెళ్ళాయట. అవెవరు చేశారని అడిగారు. నేనే చేశానన్నాను. ఆయన ఫైలు మూసి పక్కకి జరిపారు.

"చూడమ్మా, దీన్ని లాగితే డొంకంతా కదులుతుంది. ఎంతమంది కాగితాలు ఎందుకూ పనికిరాకుండా పోతాయో ఆలోచించు. ఆయన కేసు వెనక్కి తీసుకుంటారు. నువ్వు చిన్న స్టేట్‌మెంట్ ఇచ్చెయ్. టైపిస్టుగా చేశాను, పొరపాటున ఆ ఉత్తరం పంపాను అని. అంతే. ఒక్క మాటేగా."

ఆ స్టేట్‌మెంట్ అప్పటికే టైపు చేసి ఉంది. లాయరు బ్యాగులోంచి తీసి, పెన్ను మూత కూడా తీసి నా ముందు పెట్టారు.

ఆ కాగితం మీద సంతకం పెడితే అప్పటికప్పుడే కేసు వదిలించుకుని నేను ఇంటికి వెళ్ళిపోవచ్చు. కాని ఆ దేశం వాళ్ళకి నేను అబద్ధం చెప్పానని నా చేత్తో నేను రాసిచ్చినట్టే. పెట్టకపోతే కేసు నడుస్తుంది, వేల కాగితాల మీద వేరే మనిషి సంతకం పెట్టానని నేనే ఒప్పుకున్నదాన్నవుతాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఐదు నిమిషాలు బయటికి వెళ్తానని అడిగితే ఒప్పుకున్నారు.

వరండాలో మా ఆయన నాకు మంచినీళ్ళ సీసా ఇచ్చారు.

"నన్నడక్కు. నువ్వు రాసిచ్చినా ఏమీ అనుకోను, రాయకపోయినా ఏమీ అనుకోను. కానీ రాసిచ్చి ఇంటికొచ్చి, రాత్రంతా పళ్ళు కొరుక్కుంటూ కూర్చోకు. నాకు పొద్దున్నే డ్యూటీ ఉంది."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. లోపలికి వెళ్ళి ఆ కాగితం లాయరుకి తిరిగి ఇచ్చేశాను. నా వాంగ్మూలం నేనే చెబుతాను, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి అన్నాను. ఇవాళ పొద్దున పది గంటల నుంచి చెబుతున్నది అదే.

డొంక గురించి కూడా నా మాట రాసుకోండి. ఆ కాగితాల్లో ఏ ఒక్కదాంట్లోనైనా అనువాదం తప్పుంటే తెచ్చి చూపించండి. నేను బాధ్యత వహిస్తాను. కోర్టుకి అనువాదం చేసిన వాళ్ళ సంతకం కావాలంటే అన్నిటికీ నా సొంత పేరుతో మళ్ళీ సంతకం పెడతాను, ఎన్నాళ్ళు పట్టినా సరే, ఒక్క పైసా అడగను. ఆ పెళ్ళిళ్ళకీ, ఆ ఇళ్ళకీ, ఇన్‌స్పెక్టర్ గారి అన్నయ్య కూతురి చదువుకీ ఏ ఢోకా రాకూడదు. వాళ్ళు మోసం చెయ్యలేదు. నేను చెయ్యలేదు. మోసం చేసిన మనిషీ ఫిర్యాదు చేసిన మనిషీ ఒకరే అయితే, దొంగే దొంగా దొంగా అని అరిస్తే ఊరంతా నా వెంట పడిందని రాసుకోండి.

పైన రాసిందంతా రైటర్ గారు నాకు పెద్దగా చదివి వినిపించారు. రెండు చోట్ల నా మాట మెత్తగా రాశారు, దిద్దించాను. ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు అని చివర రాయడం ఆనవాయితీ అట. బెదిరించలేదన్నది నిజం. ఆశ పెట్టారు, నేను తీసుకోలేదు. ఆ వాక్యం అలాగే ఉండాలి. మిగిలినదంతా నేను చూసింది, చేసింది, నా నోటితో చెప్పింది.

సంతకం చెయ్యబోతూ, ఈ వాంగ్మూలం నకలు నా సంజాయిషీతో జత చేసి ఆ దేశానికి పంపుకుంటానని చెప్పాను. పంపాలంటే వాళ్ళ భాషలోకి గుర్తింపు ఉన్న అనువాదం కావాలి. నా కాగితం నేను చేసుకోకూడదు. పోలీసు కాగితం ఎక్కడికి పంపుతారని రైటర్ గారిని అడిగాను. స్టేషను కాగితాలు కోర్టు ప్యానెల్లో ఉన్నవాళ్ళకే పంపాలి, ఆ భాషకి ప్యానెల్లో ఒక్కరే ఉన్నారు, ముద్ర రేపు ఆయనకి తిరిగి ఇచ్చేస్తున్నాం, ఆయన దగ్గరికే వెళ్తుందన్నారు. నా మీద కేసు పెట్టిన మనిషి నా వాంగ్మూలాన్ని అనువదిస్తారా అంటే, నిబంధన అంతేనన్నారు. ఇన్‌స్పెక్టర్ గారు కూడా అంతేనన్నారు. అందుకని సంతకానికి ముందు ఇంకొన్ని మాటలు కలపమన్నాను. ఇలాంటివి వాంగ్మూలంలో రాయరని రైటర్ గారు అన్నారు. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి కదా అన్నాను. రాస్తున్నారు.

అమ్మాయీ, ఈ కాగితం సారు చదవరు. కర్టెను దాటి నీ బల్ల మీదికే వస్తుంది. ఇది చేసేది నువ్వే. ఒక్క మాట తగ్గించకు, నీ గురించి నేను చెప్పింది కూడా తగ్గించకు. అది చదివితే నీకు కోపం వస్తుంది. వచ్చినా సరే, అలాగే ఉంచు. నిదానంగా చెయ్యి, నా దగ్గర ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. అంతా అయ్యాక అడుగున "అనువాదం చేసినవారు" అని ఒక గీత ఉంటుంది. సారు పిలిచి కొట్టెయ్, కొట్టెయ్ అంటారు. ఆ గీత మీద నీ పేరు రాయి.

(సంతకం)